వీరగాథల చిత్రగ్రంథములు
(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



తెలుగు పద్యము చదువు ఇండ్లలో ఫిరదౌసి పేరు విననివారు అరుదు. 1932లో జాషువ మహాకవి ఆ పారశీక కవి దుఃఖమును తెలుగున పలికించిన నాటినుండి ఆ పేరు మనకు పరాయిది కాదు. పద్యమునకొక బంగారు నాణెము చొప్పున ఇచ్చెదనని మాటయిచ్చిన గజనీ మహమ్మదు తుదకు వెండి నాణెములు పంపెననియు, పిదప మనసు మారి బంగారమును పంపునప్పటికి ఊరి వాకిట కవి శవము ఎదురయ్యెననియు చెప్పుదురు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యము. కాని ఆ కవి 1010 ప్రాంతమున ముగించిన ‘షాహ్‌నామా’కు తరువాతి కాలమున పట్టిన గతిని పరికించినచో, నాణెములతో కొలుచు ఆ వ్యవహారము కవితోనే ముగియలేదని తెలియును. పద్యమునకు వెల కట్టిన కాలము పోయినది. పుటకు వెల కట్టు కాలము వచ్చినది. ఈనాటి ప్రసంగము ఆ పుటలను గూర్చియే.

షాహ్‌నామా అనగా రాజుల గ్రంథము. ఇరాను దేశపు తొలి రాజులు మొదలుకొని అరబ్బుల దండయాత్ర వఱకు గల గాథలు దాదాపు 50,000 ద్విపదలలో అందు కలవు. పక్షిరాజమైన సీముర్గు పెంచిన జాలు, అతని కుమారుడు రుస్తుము, ఆ రుస్తుము ఎక్కిన రఖ్షు అను గుఱ్ఱము, తండ్రి చేత తెలియక చంపబడిన సొహ్రాబు, వీరందఱును అందలి వారే. బభ్రువాహనుని కథ ఎఱిగిన మనకు తండ్రికొడుకుల యుద్ధము కొత్త కాదు. అయితే మన కథలో ఉలూచి మణితో అర్జునుడు లేచెను. అక్కడ మందు రాజు కోటలో ఉండియు సమయమునకు అందలేదు. ఈ ఒక్క భేదమును తలచుకొన్నచో ఇరానువారు ఆ ఘట్టమును నేటికిని కన్నీటితో ఏల విందురో బోధపడును.

ఇట్టి గ్రంథమును వ్రాయించి, బొమ్మలు వేయించి దాచుకొనుట ఆ దేశమున రాజలక్షణముగా నుండెను. కొత్తగా సింహాసనమెక్కిన వంశమువారు ‘మేమును ఆ వరుసలోని వారమే’ అని చాటుటకు దీనికంటె మేలైన సాధనము లేకుండెను. ఒక గ్రంథమునకు కాగితమువాడు, లేఖకుడు, చిత్రకారులు, బంగారు పూత పనివారు, అట్ట కట్టువాడు ఏండ్ల తరబడి పనిచేయవలసి వచ్చెడిది. కాగితమునకు గంజి పట్టించి, నున్నని రాతితో అద్దమువలె మెఱయునట్లు రుద్దుదురు. లేఖకుడు పద్యములను నిలువు గళ్లలో వ్రాయుచు, చిత్రమునకు చోటు విడుచును. నీలమునకు లాజవర్దు రాయి, ఎఱుపునకు ఇంగిలీకము, వెలుగునకు బంగారము, ఈ రంగులను ఒకటి రెండు వెండ్రుకల మొనగల కుంచెతో దిద్దుదురు. చిత్రమునకు పైనను క్రిందను కొన్ని పద్యములుండును. తక్కిన కథ పుట త్రిప్పినగాని తెలియదు. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఆ బొమ్మ గోడకు వ్రేలాడదీయుటకు పుట్టినది కాదు; ఒడిలో పెట్టుకొని, పుట త్రిప్పుచు చూచుటకు పుట్టినది.

ఇట్టివానిలో తలమానికమని పేరొందినది షా తహ్మాస్పు షాహ్‌నామా. 1520 తరువాత తబ్రీజు నగరమున షా ఇస్మాయిలు కాలమున ఆరంభమై, 1524లో రాజ్యమునకు వచ్చిన అతని కుమారుడు తహ్మాస్పు కాలమున సాగినది. పత్రములు 759, చిత్రములు 258. సుల్తాన్ మహమ్మదు, మీర్ ముసవ్విరు, ఆకా మీరకు మొదలైన మేటి చిత్రకారులు అందు పనిచేసిరి. ఆదిరాజైన గయూమర్సు కొండకొమ్మున కొలువుతీరిన చిత్రమును సుల్తాన్ మహమ్మదు వేసెను. రాళ్లలో సైతము ముఖములు దాగియున్నట్లు తోచు ఆ చిత్రము ముందు తోటి చిత్రకారులు సిగ్గుతో తలలు వంచిరని దోస్త్ మహమ్మదు అను సమకాలికుడు 1544లో వ్రాసెను. ఒకే వృత్తిలోని వారు పొగడుట ఎంత కష్టమో కార్యాలయములలో పనిచేయువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

1568లో ఈ గ్రంథము టర్కీ సుల్తాను రెండవ సలీమునకు కానుకగా వెళ్లినది. రెండు శతాబ్దములకు పైగా అది సుల్తానుల ఖజానాలో చెక్కుచెదరక యుండెను. 1800 ప్రాంతమున అచటి తుపాకుల సంరక్షకుడు మహమ్మదు ఆరిఫు ప్రతి చిత్రమునకును కథాసారమును టర్కీ భాషలో వ్రాసి చేర్చెను. ఆయుధములు కాచు ఉద్యోగి ఒకడు ఓపికగా కూర్చుండి 258 చిత్రములకు కథలు వ్రాయుట ఈ గ్రంథచరిత్రలో అన్నిటికంటె మధురమైన ఘట్టము. అతడు దాని నుండి ఏమియు తీసికొనలేదు. తన వంతు కొంత చేర్చెను.

తరువాత గ్రంథము ఐరోపాకు చేరినది. 1903లో పారిసు ప్రదర్శనమున కనిపించునప్పటికి ఎడ్మాండ్ ద రాత్‌షీల్డ్ అను ధనికుని సొత్తు. పిదప అర్ధశతాబ్దికి పైగా పండితుల కంటికి కూడ చిక్కలేదు. 1959లో దానిని ఆర్థర్ హౌటన్ అను అమెరికా దేశస్థుడు కొనెను. ఇతడు గాజు పరిశ్రమ గల సంపన్న కుటుంబమువాడు, పుస్తకములనిన ప్రాణము. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1942లో తెఱువబడిన అరుదైన గ్రంథముల భవనము ఇతని విరాళముతో కట్టినదే, ఇతని పేరుతో నున్నదే. అట్టివాని చేతిలో గ్రంథము సురక్షితమని ఎవరైనను అనుకొందురు.

అతడు దానిని విప్పించెను.

1970లో 78 చిత్రములు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానముగా వెళ్లినవి. ఆ మ్యూజియము ధర్మకర్తలకు అధ్యక్షుడును ఆనాడు అతడే. 1976 నవంబరులో ఏడు పత్రములు లండనులో వేలమునకు వచ్చినవి. పిదప కొన్ని వర్తకుల ద్వారా, కొన్ని మరల వేలములలో, ఒకటొకటిగా లోకము నలుమూలలకు పోయినవి. 1990లో హౌటను మరణించెను. 1994లో మిగిలిన 118 చిత్రములు, పద్యపుటలు, పాత అట్ట ఇరానునకు తిరిగి చేరిన తీరు కథలకెక్కదగినది. టెహరానులోని ఆధునిక కళల మ్యూజియమున, 1979 విప్లవమునకు ముందు కొన్న ద కూనింగ్ అను చిత్రకారుని స్త్రీచిత్రము ఒకటి యుండెను. కొత్త ప్రభుత్వమునకు దానిని ప్రదర్శించుట సమ్మతము కాదు. వియన్నా విమానాశ్రయమున ఆ చిత్రము ఇటు, ఈ గ్రంథశేషము అటు మారినవి. ఒకరి సిగ్గు, మఱొకరి సొమ్ము, రెండును ఒకే త్రాసున తూగినవి. 2006లో ఆ స్త్రీచిత్రము 13 కోట్ల 75 లక్షల డాలర్లకు చేతులు మారెనని పత్రికలు వ్రాసినవి.

ఇక విడిపోయిన పత్రముల వెల. 2011లో ఒకటి లండను వేలమున 74 లక్షల పౌండ్లు పలికినది. 2022లో రుస్తుము తన రఖ్షును శత్రువుల మందలోనుండి పట్టి తెచ్చుకొను పత్రము 80 లక్షల పౌండ్లు దాటినది. గుఱ్ఱము మరల యజమానిని చేరుకొన్నదని చెప్పు చిత్రమే తన గ్రంథమును చేరలేకపోవుట చూడదగిన విషయము.

గ్రంథమును ఏల విప్పుదురు? లెక్క సులభము. నిండు గ్రంథమును కొనగలవాడు లోకమున ఏ ఒక్కడో ఇద్దఱో. పత్రమును కొనగలవారు వందలు. కొబ్బరికాయ అమ్మువానికంటె ముక్కలు కోసి అమ్మువానికి లాభమెక్కువ. ఈ విద్య హౌటను కనిపెట్టినది కాదు. 20వ శతాబ్దపు తొలి దశకములలో దెమోత్ అను పారిసు వర్తకుడు, 1330 ప్రాంతమున మంగోలు ప్రభువుల కాలమున తయారైన మఱొక మహాగ్రంథమును ఇట్లే విప్పెను. ఒకే పత్రమునకు రెండువైపుల చిత్రములుండుట అతనికి నష్టముగా తోచినది. కాగితమును దళసరిలో రెండుగా చీల్పించి, బొమ్మలను వేఱు పద్యపుటలకు అంటింపజేసెను. ఈనాడు అచ్చట ఒక కథ బొమ్మకు మఱొక కథ పద్యములు తోడుగ నున్నవి. విచిత్రమేమనగా, ఆ గ్రంథమును చేయించిన ప్రభువు పేరు పోయి, చాలకాలము ‘దెమోత్ షాహ్‌నామా’ అనియే వ్యవహరించిరి. చీల్చినవాని పేరే గ్రంథమునకు నిలిచినది!

హౌటను విషయమున న్యాయముగా ఒక మాట చెప్పవలెను. రాత్‌షీల్డు ఇంట అది సమగ్రముగానే యుండెను, కాని చూచిన పండితుడు లేడు. హౌటను పండితులకు దానిని చూపించెను. డిక్సను, వెల్చి అను ఇరువురు విద్వాంసులు 1981లో 258 చిత్రములను రెండు బృహత్సంపుటములలో అచ్చు వేయించిరి. నేడు చదువరికి ఆ గ్రంథము వరుసగా కనిపించునది అచ్చులోనే. న్యూయార్కులో గోడమీది పత్రమును చూచు బాలుడు పారిసులోని ఇనుపపెట్టెను ఎన్నడును చూడగలిగియుండడు. దాచినవాడు గొప్పవాడా, పంచినవాడు గొప్పవాడా అను వాదము తెగునది కాదు. కాని పంచుటకు కోయనక్కఱలేదు గదా అను ప్రశ్నకు సమాధానము లేదు.

ఈ కథకు మన దేశముతో సంబంధము లేకపోలేదు. రాజ్యము పోగొట్టుకొని 1544లో తహ్మాస్పు కొలువున శరణు చొచ్చిన హుమాయూను ఆ చిత్రకారుల పనిని కనులార చూచెను. తహ్మాస్పునకు కాలక్రమమున చిత్రకళపై ఆసక్తి సన్నగిల్లెను. పైన చెప్పిన మీర్ ముసవ్విరు కుమారుడు మీర్ సయ్యదలీ, అతనితో అబ్దుస్సమదు, 1549లో కాబూలున హుమాయూనును చేరి, పిదప ఢిల్లీకి వచ్చిరి. 1556లో హుమాయూను జారిపడి మరణించిన మెట్లు పురానా కిల్లాలోని గ్రంథాలయపు మెట్లేయని చెప్పుదురు. ఆదివారములందు పిల్లలతో ఆ కోటకు పోవువారు ఆ చిన్న ఎఱ్ఱరాతి కట్టడమును చూచియే యుందురు.

ఆ ఇరువురి పర్యవేక్షణమున అక్బరు చేయించినదే హంజానామా. అమీరు హంజా అను వీరుడు రాక్షసులతోను, మాయావులతోను, నాస్తిక ప్రభువులతోను చేసిన సాహసముల గాథ అది. అక్బరునకు ఈ కథలనిన చెవికోసికొనునంత ఇష్టము. తానే అంతఃపురమున చెప్పెడివాడట. 1562 ప్రాంతమున ఆరంభమై దాదాపు 15 ఏండ్లు సాగిన ఆ పనిలో 1400 చిత్రములు తయారైనవి. కాగితముపై కాదు, నూలుబట్టపై. ఒక్కొక్కటి రెండడుగులకు పైగా ఎత్తు. బొమ్మ ఒకవైపు, కథ మఱొకవైపు. కథకుడు చదువుచుండ సభవారు చూచుటకు వీలుగా నిట్లు చేసిరని పండితుల ఊహ. ఇరాను చిత్రకారుల మెఱుగు, మన దేశపు చిత్రకారుల ఊపు కలిసి మొగలు శైలి రూపొందినది ఈ గ్రంథమున.

అందు నేడు మిగిలినవి రెండు వందల లోపు. 60 చిత్రములు వియన్నాలో కలవు. 1881లో లండనులోని సౌత్ కెన్సింగ్టను మ్యూజియము కొఱకు వస్తువులు కొనుటకు వచ్చిన పర్డన్ క్లార్కు అను ఉద్యోగి శ్రీనగరమున తిరుగుచు, ఒక పాత కట్టడపు కిటికీలకు చలిగాలి సోకకుండ అడ్డముగా కట్టిన బట్టలను చూచెను. అవి అక్బరు చేయించిన చిత్రములు! అట్లు అతడు కొన్నవి ఇరువదికి పైగా నేడు లండనున నున్నవి. కిటికీకి కట్టినవారిని నిందించి లాభము లేదు. వారికి చలి నిజము; అక్బరు ఎవరో తెలియదు. మన ఇండ్ల అటకలపై తాళపత్రములకు పట్టిన గతిని తలచుకొన్నచో కాశ్మీరమువారిని అనుటకు నోరు రాదు.

మన తెలుగునాట వీరగాథకు బొమ్మలు వేయు సంప్రదాయము వేఱొక దారిని నడచినది. చేర్యాల నకాశీ చిత్రకారులు వేయు పొడవైన పటములలో గొల్లలకు కాటమరాజు కథ కలదు. పుల్లరి తగవులో నెల్లూరు ప్రభువుతో కాటమరాజు చేసిన యుద్ధము, అందు ఖడ్గతిక్కన కూలుట తెలుగువారికి తెలిసినదే. ఊరూరను పటమును విప్పుచు కథ చెప్పుదురు. పటము జీర్ణమైనచో దానిని దాచరు. మనిషికి చేసినట్లు మర్యాద చేసి ఏటిలో విడుతురు. కావున పాత పటములు అరుదు. అట్లు నీటిపాలు గాక మిగిలినవానిని శ్రద్ధతో కూర్చినవారు హైదరాబాదులోని జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు. ఇక్కడ సేకరణకర్త పని చిక్కైనది. తీసికొన్నచో ఆచారమునకు అడ్డము వచ్చినట్లు. ఊరకున్నచో బొమ్మ నీటిపాలు. కథ చెప్పువానికి క్రొత్త పటమునకు కావలసిన సొమ్ము ముట్టిన పిదప పాతదానిని అడిగినచో అన్యాయము కాదని తోచును.

జీతములపై బ్రతుకువారికి ఈ రాచముచ్చట ఎందుకని సభలో ఎవరైనను అనుకొనవచ్చును. లక్షల పౌండ్ల పత్రములు మనకు అక్కఱలేదు. షాహ్‌నామా సంపూర్ణముగా మొదట అచ్చయినది 1829లో కలకత్తాలో, నాలుగు సంపుటములుగా. రాతి అచ్చులో బొమ్మలతో మొదట వెలువడినది 1846లో బొంబాయిలో. 1858లో లక్నోలో స్థాపింపబడిన నవల్ కిశోర్ ముద్రణాలయము ఉత్తరదేశమంతటను చౌక వెలకు ఇట్టి పుస్తకములను వెదజల్లినది. నల్లసిరా గీతలతో వేసిన ఆ రుస్తుములో రాజచిత్రకారుని సొగసు లేదు. మీసములు మాత్రము ఘనముగా నుండును. చదివి చదివి అంచులు నలిగిన అట్టి పుస్తకము చేత పట్టినచో ఎందఱు దీపము ముందు కూర్చుండి విన్నారో అనిపించును.

కొనువారు రెండు మూడు సంగతులు చూడవలెను. పాత ప్రతులలో పుట అడుగున తరువాతి పుట తొలిపదమును వ్రాయుదురు. ఆ పదము తరువాతి పుటలో కనిపించనిచో నడుమ పత్రము పోయినదన్నమాట. బజారులో ‘మొగలు చిత్రము’ అని అమ్మువానిలో చాలవఱకు పాత వ్రాతకాగితముపై నిన్నమొన్న వేసిన బొమ్మలు; వెనుకనున్నది ఏ పద్దుల పుస్తకమో, వ్యాకరణమో అయియుండును. ఆ కాగితము కొఱకు ఒక నిజమైన పుస్తకమును చించిరని మఱవరాదు. చినిగినచోట జిగురు టేపు అంటించుట మహాపరాధము. అది పదేండ్లలో కాగితమును తినివేయును. చట్టమును కూడ ఎఱిగియుండవలెను. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము 1976 ఏప్రిలులో అమలునకు వచ్చినది. దాని ప్రకారము 75 ఏండ్లు నిండిన విలువగల వ్రాతప్రతి పురావస్తువు. అందు చిత్రములున్నచో నమోదు చేయించవలెను. సొంతదారు దేశము దాటించరాదు. ఫారములు నింపుట ఈ సభలోనివారికి కొత్త విద్య కాదు.

తుదకు మన వంటి ఒక కేంద్రప్రభుత్వోద్యోగి సంగతి. షమ్సుర్రహ్మాన్ ఫారూఖీ 1935లో జన్మించి, 1958లో తపాలా శాఖలో చేరి, ఉన్నతపదవులు నిర్వహించి, 1994లో విశ్రాంతి పొందెను. ఉర్దూ విమర్శకులలో అగ్రగణ్యుడు. 1996లో సరస్వతీ సమ్మానము పొందినవాడు. అక్బరు బట్టపై వేయించిన ఆ హంజా కథ కాలక్రమమున ఉత్తరదేశపు వీథులలో దాస్తానుగా పెరిగి పెరిగి, నవల్ కిశోర్ ముద్రణాలయము నుండి 46 సంపుటములుగా వెలువడినది. వాని ఘనత బొమ్మలలో లేదు, మాటలోనే కలదు. ఆ సంపుటములను అన్నిటిని ఒకచోట ఉంచిన గ్రంథాలయము అతికష్టము మీద దొరకును. ఢిల్లీలో దాస్తాను చెప్పిన చివరి పెద్ద కథకుడు మీర్ బాకరలీ 1928లో గతించెను. తరువాత ఆ పుస్తకములను చదువువారు లేరు. తెలిసినవారు వానిని కాలక్షేపపు కథలని చిన్నచూపు చూచిరి.

ఫారూఖీ ఏండ్ల తరబడి వెదకి 46 సంపుటములను సమకూర్చెను. సమకూర్చి బీరువాలో పెట్టలేదు; చదివెను. ఉత్తరములను ఊరూరికి చేరవేయు శాఖలో కాలము గడపినవాడు, చిరునామా పోయిన కథను దాని ఇంటికి చేర్చెను. ఆ దాస్తానుల నిర్మాణముపై ఉర్దూలో అనేక సంపుటముల గ్రంథము వ్రాసెను. అతని ప్రోత్సాహముతో అతని సోదరుని కుమారుడు మహమూద్ ఫారూఖీ 2005లో ఢిల్లీ వేదికపై తెల్లని దుస్తులతో కూర్చుండి హంజా కథను మరల నోటితో చెప్పెను. 2020 డిసెంబరులో షమ్సుర్రహ్మాన్ ఫారూఖీ అలహాబాదున కన్నుమూసెను. ఆ కథ చెప్పువారు ఈనాడు పలువురు కలరు. ఢిల్లీలో ఏ శీతకాలపు సాయంకాలముననైన వినవచ్చును.